వద్దన్నవాడికి రెండు చుక్కలు

మాది పిఠాపురం. ఒకప్పుడు హైదరాబాదులో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే "కాకినాడ పక్కన" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. అవతలివాళ్ళు ఇంకొంచెం ఆసక్తి చూపిస్తే పాదగయ, కుక్కుటేశ్వరుడు, పురుహూతికా దేవి, అష్టాదశ శక్తిపీఠాల్లో పదోది అంటూ మొదలుపెట్టేవాణ్ణి. 2024 ఎన్నికల తర్వాత ఆ శ్రమ తప్పింది. ఇప్పుడు ఊరి పేరు చెప్పగానే వాళ్ళే నాకు మా ఊరి గురించి చెప్తున్నారు. సరే, అది వేరే టపా.

ఈ టపా కస్టమర్ సర్వీసు గురించి. అందులోనూ టెంట్లు, వెదురు గుడిసెలు వేసి అడవుల్లో బస ఏర్పాటు చేసేవాళ్ళ దగ్గర పనిచేసే కుర్రాళ్ళ గురించి. మన సాఫ్ట్‌వేరు జనాభాకి శని ఆదివారాలొస్తే కొండలెక్కి టెంటులో పడుకోవడం ఒక వ్రతం అయిపోయింది కదా. గండికోట, అరకు, వంజంగి, మారేడుమిల్లి... సోమవారం పొద్దున్న స్టాండప్ మీటింగులో సగంమంది ఆవలిస్తూ కనబడతారు. వెళ్ళొచ్చాక చెప్పే మొదటి మాట "ప్లేస్ సూపర్, సర్వీసే బాలేదు". ఈ "సర్వీసు బాలేదు" అనే మాట మీదే నా పేచీ.

నిరుడు కార్తీకంలో మా ఇంట్లో పెళ్ళయింది. పెళ్ళికి మా బావ అమెరికా నుంచి వచ్చాడు. ఎనిమిదేళ్ళుగా బే ఏరియాలో ఉంటున్నాడు, మంచివాడు, మాటకారి. నా ఆఫీసు స్నేహితులిద్దరు హైదరాబాదు నుంచి వచ్చారు. ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. అందుకని వీళ్ళు ముగ్గురికీ గుడికి దగ్గర్లో ఒక సత్రంలో గదులు తీశాను.

మా ఊళ్ళో సత్రాలు ఎందుకుంటాయో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. గయాసురుడి తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో అని కదా ఐతిహ్యం. అందుకని పెద్దలకి పిండప్రదానాలు చేసుకోవడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దీనికి తోడు శ్రీపాద శ్రీవల్లభుడు పుట్టిన ఊరని మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి దత్త భక్తులు వస్తారు. కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్ళకి గది తాళం ఇవ్వడం, వాళ్ళతో వేగడం మా ఊరికి కొత్త కాదు.

ఆ సత్రం మేనేజరు గారు అరవై దాటినాయన. లెడ్జరులో పేర్లు రాసుకుంటూ తల కూడా ఎత్తకుండా చెప్పాడు. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తాం. గదుల్లో ఉల్లి, వెల్లుల్లి తినకూడదు. మందు సంగతి సరేసరి. వేన్నీళ్ళు పొద్దున్న నాలుగు నుంచి ఆరు వరకే. బట్టలు మేడ మీదే ఆరేసుకోవాలి, వరండాలో కాదు. మా బావ చేతులు కట్టుకుని మరీ "అలాగేనండీ" అన్నాడు. ఆ రాత్రి తొమ్మిదింబావుకి సిగరెట్టు కోసమో దేనికోసమో బయల్దేరితే గేటు దగ్గర ఆయన "ఇప్పుడెందుకు బాబూ, పొద్దున్నెళ్దురుగాని" అన్నాట్ట. బావ వెనక్కి తిరిగి వచ్చి పడుకున్నాడు. మర్నాడు నాకు చెప్తూ నవ్వాడు కూడా, "పెద్దాయన భలే స్ట్రిక్టురా" అని. ఆ స్వరంలో ఫిర్యాదు లేదు. కాస్త ముచ్చటే ఉంది.

పెళ్ళి అయిన మర్నాడు నలుగురం కారులో మారేడుమిల్లి బయల్దేరాం. సామర్లకోట, పెద్దాపురం, జగ్గంపేట, గోకవరం, రంపచోడవరం. గోకవరం దాటాక రోడ్డు స్వభావమే మారిపోతుంది. చెట్లు దగ్గరకొస్తాయి, ఫోనులో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. (కార్తీకంలో బొంగులో చికెన్‌కి వెళ్తున్నామని మా అమ్మకి చెప్పలేదు. "అడవి చూడ్డానికి" అని చెప్పాం. అబద్ధం కాదు కదా.)

గోకవరంలో టీ తాగుతుంటే బావ యోసెమిటీ కబుర్లు చెప్పాడు. ఒకసారి వీళ్ళ తెలుగు బ్యాచి అంతా అక్కడ క్యాంపుగ్రౌండులో దిగారట. పులిహోర గిన్నె కారులోనే వదిలేసి టెంటులో పడుకుంటే రాత్రి రేంజరు వచ్చి లేపాడట. అక్కడ తిండి వాసన వచ్చేదేదైనా చీకటి పడ్డాక కారులో ఉంచకూడదు, ఇనప పెట్టెల్లో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. లేకపోతే ఎలుగుబంట్లు కారు తలుపుని డబ్బా మూత ఊడదీసినట్టు ఊడదీస్తాయి. జరిమానా 5,000 డాలర్ల దాకా ఉంటుంది. వీళ్ళంతా చలిలో లేచి, సారీలు చెప్పి, పులిహోర మోసుకెళ్ళి పెట్టెలో పెట్టారట. "అదిరా ప్రొఫెషనలిజం అంటే. అర్ధరాత్రి వచ్చి చెప్పాడు చూడు, అదీ సర్వీసు" అని బావ మెచ్చుకున్నాడు.

ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి.

మేము బుక్ చేసిన చోటు పేరు రాయను. మారేడుమిల్లి చుట్టుపక్కల ఉన్న అనేక టెంటు సైట్లలో అదొకటి. 'పుష్ప' (2021) షూటింగు ఈ అడవుల్లో జరిగాక జనం బాగా పెరిగారు, జనంతో పాటు టెంట్లూ పెరిగాయి. ఓనరు ఉండేది రాజమండ్రిలో. స్థలం మాత్రం అక్కడి కొండరెడ్ల కుటుంబానిది. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరుల పేరు మీదకి భూమి మారదు. స్థలం ఒకరిది, టెంట్లు, ఆన్‌లైన్ పేజీ, డబ్బు ఇంకొకరిది. అక్కడ పగలూ రాత్రీ ఉండేది మాత్రం ఒక్క కుర్రాడు. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి. స్థలం వాళ్ళ పెదనాన్నదట.

మేము చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఆ కుర్రాడు అప్పటికే టెంట్ల చుట్టూ చిన్న చిన్న కాలవలు తవ్వి ఉంచాడు, రాత్రి వానొస్తే నీళ్ళు లోపలికి రాకుండా. బొంగులో చికెన్‌కి పచ్చి వెదురు అప్పుడే కొట్టుకొచ్చి పెట్టాడు. ఎండు వెదురైతే అంటుకుని కాలిపోతుందట, పచ్చిదైతే దాని చెమ్మలోనే మాంసం ఉడుకుతుంది, నూనె చుక్క అక్కర్లేదు. ముక్కలు కూరి, పైన ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని కబుర్లు చెప్పించాను. మాట్లాడేది తక్కువే, మాట మాటకీ "అండి" మాత్రం ఉంది.

టెంట్ల వెనక ఒక వాగు. మోకాలి లోతు నీళ్ళు, తేటగా, అందంగా, రాళ్ళ మీంచి దూకుతూ. ఆ సైటు ఆన్‌లైన్ పేజీలో మొదటి ఫొటోయే ఆ వాగులో కూర్చుని కేకలేస్తున్న కుర్రాళ్ళది. నాలుగింటికి బావ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నా స్నేహితులూ లేచారు.

కుర్రాడు నిప్పుల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "ఇయ్యాల వాగులోకి ఎల్లొద్దండి."

"ఎందుకు?"

"పైన కొండల్లో వానండి. పొద్దున్నించీ ఆకులొస్తన్నాయి."

మేము పైకి చూశాం. ఎండ కాస్తోంది. అల్పపీడనం అని పేపర్లో వచ్చింది గానీ మా నెత్తి మీద మబ్బు లేదు. వాగులో చూస్తే నిజమే, అప్పుడో ఆకు, అప్పుడో పుల్ల. అడవన్నాక ఆకులు రాకుండా కరెన్సీ నోట్లొస్తాయా అని మా స్నేహితుడు జోకు వేశాడు. కుర్రాడు నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు. ఇక్కడ చుక్క పడకపోయినా పైన పడ్డ నీళ్ళు గంటకో రెండు గంటలకో దిగుతాయి. ముందు పచ్చి ఆకులూ విరిగిన పుల్లలూ వస్తాయి. తర్వాత నీళ్ళ రంగు మారుతుంది. ఆ తర్వాత చప్పుడు మారుతుంది. "చప్పుడు మారాక ఒడ్డెక్కడానికి టైముండదండి. కావాలంటే వేన్నీళ్ళు కాసిస్తానండి, నాలుగు బకెట్లు."

బావకి చిర్రెత్తింది. "వేన్నీళ్ళు మా ఇంట్లో లేవనా ఇంత దూరం వచ్చింది? టెంటుకి నాలుగు వేలు కట్టాం. మీ పేజీలో ఫొటో పెట్టారు. ఇది మోసం కదూ?"

"ఆ ఫొటో ఎండాకాలందండి."

"నీతో కాదు. మీ ఓనర్ని పిలు."

అక్కడ సిగ్నలు రావాలంటే రోడ్డవతల ఒక బండ ఎక్కాలి. కుర్రాడు వెళ్ళాడు. పదిహేను నిమిషాలకి వచ్చాడు. వచ్చి బావ ఎదురుగా నిలబడి చెప్పిన మాట నేను ఇప్పటికీ తల్చుకుంటుంటాను. "కస్టమర్లు అడిగింది చెయ్యమన్నారండి మా ఓనరు గారు. నేను మాత్రం వాగులోకి పంపనండి."

తర్వాత వెళ్ళి వాగుకి దిగే బాట మధ్యలో ఒక రాయి మీద కూర్చున్నాడు. నిప్పుల దగ్గర చికెన్ తిప్పే పని నాకు అప్పగించాడు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. ఎవరితోనూ గొడవపడలేదు, గొంతు పెంచలేదు. ఊరికే కూర్చున్నాడు. బావ ఒకసారి అటు వెళ్ళబోయి, ఏమనుకున్నాడో, తిరిగొచ్చేశాడు. నేను, "పోనీలే బావా, రేపు పొద్దున్న చూద్దాం" అన్నాను. "వాడికేం తెలుసురా, కస్టమర్‌తో మాట్లాడే పద్ధతేనా అది?" అన్నాడు.

రాత్రి ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. సినిమాల్లోలాగా అర్ధరాత్రి వరద వచ్చి మా టెంట్ల దాకా రాలేదు. మేం తిన్నాం, మంట చుట్టూ కూర్చుని పాత పాటలు పాడుకున్నాం, పడుకున్నాం. ఏ రెండు గంటలకో వాగు చప్పుడు పెద్దదైనట్టు నాకనిపించింది. నిద్రమత్తులో అనిపించిందేమో కూడా. పొద్దున్న వెళ్ళి చూస్తే నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, నిన్న బావ కూర్చుందామనుకున్న పెద్ద రాయి కనబళ్ళేదు. నేను మునిగిందన్నాను. "ఆ రాయి ఇక్కడ కాదు, ఇంకాస్త కింద" అని బావ. కుర్రాణ్ణి అడిగితే "పెరిగిందండి" అని పొయ్యి దగ్గరకెళ్ళిపోయాడు. ఎంత పెరిగిందో, ఎప్పుడు పెరిగిందో, మేం నీళ్ళలో ఉన్న టైముకి పెరిగేదో లేదో ఎవడికి తెలుసు?

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన బాధే. శుక్రవారం సాయంత్రం డిప్లాయ్‌మెంటు వద్దని అడ్డుపడినవాడికి ఎప్పుడైనా అప్రైజల్లో మార్కులు పడ్డాయా? సర్వరు పడిపోతే రాత్రంతా మేలుకుని లేపినవాడికి అందరికీ కాపీ పెట్టి మరీ అభినందనల మెయిలు వెళ్తుంది. అసలు పడకుండా చూసినవాడు "కోఆపరేటివ్ కాదు" అనిపించుకుంటాడు. జరగని ప్రమాదానికి లాగ్ ఫైలు ఉండదు. నేను ఇదే మాట బావతో అంటే, "దానికీ దీనికీ పోలికేంటిరా, నేను కస్టమర్ని" అన్నాడు.

ఈ "నేను కస్టమర్ని" దగ్గరే నాకు లెక్క తేలడం లేదు. మూడు రోజుల్లో ఇదే మనిషికి సత్రంలో ఒకాయన వద్దన్నాడు, మారేడుమిల్లిలో ఒకడు వద్దన్నాడు. అంతకుముందెప్పుడో కాలిఫోర్నియాలో ఒకడు వద్దన్నాడు. మూడింటిలో ప్రాణానికి సంబంధించినవి రెండు. గేటు వెయ్యడం మాత్రం వట్టి సత్రం నియమం. అయినా కోపం వచ్చింది ఒక్కడి మీదే. రేంజరుకి యూనిఫారం ఉంది, వెనకాల జరిమానా ఉంది. సత్రం మేనేజరుకి వయసుంది, వెనకాల దేవుడున్నాడు. ఈ కుర్రాడికి ఏముంది? రబ్బరు చెప్పులు, బండెక్కితే గానీ దొరకని ఓనరు. వాడు చెప్పిన కారణం రేంజరు చెప్పినదానికంటే ఏ మాత్రం తక్కువది కాదు. కానీ మనం వినేది కారణాన్ని కాదు కదా, చెప్పినవాణ్ణి.

మా గోదావరి జిల్లాలవాళ్ళకి ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. మర్యాద అంటే లేదనకపోవడం అని మా మనసుల్లో పాతుకుపోయింది. డొక్కా సీతమ్మ గారు (1841-1909) లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టారని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాం. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. సంక్రాంతికి అల్లుడి ముందు వంద రకాలు పరిచిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. "ఇంకొంచెం వేసుకోండి" అనేదే మా సర్వీసు. "వద్దండి" అన్న మాట ఆతిథ్యం ఇచ్చేవాడి నోట వస్తే మాకు చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది.

కానీ అదే గోదావరి ఒడ్డున ఇంకో మర్యాద కూడా ఉండేది. వరదొచ్చినప్పుడు రేవులో పడవ వేసే మనిషి "ఇవాళ కట్టనండి" అంటే పెళ్ళివారైనా ఒడ్డునే ఆగిపోయేవారని మా తాతయ్య చెప్పేవాడు. చుట్టాలు ప్రయాణమైతే "వరద తగ్గేదాకా కదిలేది లేదు" అని పెట్టె లాక్కుని లోపల పెట్టేసేవాళ్ళట. అదీ ఆతిథ్యమే. టిక్కెట్టు కొన్నాక ఆ రెండోది పోయింది.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. డెబ్భైమందికి పైగా ఉన్న ఆ బోటులోంచి పాతికమందికి పైగా బయటపడ్డారంటే ముఖ్యంగా కచ్చులూరు గిరిజనులు తమ పడవలేసుకుని వెళ్ళి లాగబట్టే. వాళ్ళు ఏ టూరిజం కంపెనీ స్టాఫూ కాదు. వాళ్ళకి నది తెలుసు, అంతే. ఆ తర్వాత రెండేళ్ళకి పైగా బోట్లు ఆపారు, 2021 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు.

మారేడుమిల్లిలోనే, 2024 సెప్టెంబరులో, జలతరంగిణి జలపాతం దగ్గర ప్రవాహం ఉన్నట్టుండి పెరిగి ముగ్గురు వైద్య విద్యార్థులు చనిపోయారు. ఆకులు, రంగు, చప్పుడు అని మా కుర్రాడు చెప్పిన వరసని నేను ఆ వార్త పక్కన పెట్టుకుని చదివాను. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, డాక్టర్లు కాబోయే పిల్లలు. ఆ నీళ్ళు ఎలా వస్తాయో వాళ్ళకి తెలిసే అవకాశం లేదు. తెలిసినవాడు పక్కన ఉండి, వాడి మాట చెల్లుబాటైతే తప్ప వేరే దారి లేదు.

వేరే రాష్ట్రాల్లోనూ ఇదే కథ. వయనాడ్‌లో మేప్పాడి దగ్గర 2021 జనవరిలో రిసార్టు టెంటులో బస చేసిన ఒకావిడని అడవి ఏనుగు చంపేసింది. అప్పుడు వెళ్ళి చూస్తే ఆ టెంట్లకి అనుమతే లేదు. ఆ జాగాలో ఏనుగులు తిరుగుతాయని అక్కడ పుట్టినవాళ్ళెవరికీ తెలియదంటే నమ్మగలమా? తెలిసినవాడికి "ఇక్కడ టెంటు వెయ్యొద్దు" అనే అధికారం ఉండదు. జీతం తీసుకునేది టెంటు వెయ్యడానికి.

మళ్ళీ మా కథకొస్తాను. హైదరాబాదు చేరకముందే, రంపచోడవరంలో సిగ్నలు రాగానే, బావ రివ్యూ రాసేశాడు. ఐదుకి రెండు చుక్కలు. "స్థలం బాగుంది, తిండి బాగుంది, స్టాఫ్ రూడ్. ఓనరు ఒప్పుకున్నా స్టాఫ్ ఒప్పుకోడు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు చూడండి. నేను కూడా నా లెక్కలో ఐదు చుక్కలేసి, ఎందుకు వేశానో, వాగు సంగతేంటో వివరంగా రాశాను. కానీ వాటి సగటు మూడున్నర. ఒకడు వాణ్ణి తిట్టాడు, ఒకడు పొగిడాడు, కంప్యూటరు రెండూ కలిపి చదివేవాడికి "ఓ మోస్తరు" అని చెప్పింది. ఇలాంటి లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాసేది మనమే కాబట్టి ఇంకెవర్నీ అనడానికి లేదు.

పది రోజులకి ఓనరు ఫోన్ చేశాడు. బుకింగు నా నంబరు మీద ఉంది కదా. చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీవాళ్ళు రెండు స్టార్లు ఇచ్చారు, కొంచెం తీయించండి సార్, సీజన్ టైము." నేను అసలు విషయం చెప్పబోయాను. ఆయన మధ్యలోనే, "నాకు తెలుసు సార్. ఆ కుర్రాడికి కస్టమర్ హ్యాండ్లింగ్ తెలీదు. మార్చేశాను సార్. ఇప్పుడు కాకినాడ నుంచి హోటల్ మేనేజ్‌మెంటు చేసిన అబ్బాయిని పెట్టాను. ఇంకోసారి రండి, డిస్కౌంటు ఇస్తాను" అన్నాడు.

ఆ ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. కాకినాడ నుంచి వచ్చిన ఆ అబ్బాయికి ఇంగ్లీషు వస్తుంది. గుడ్ ఈవెనింగ్ చెప్తాడు, ప్లేట్లు వరసగా పెడతాడు. పచ్చి ఆకుకీ ఎండు ఆకుకీ తేడా ఏం చూస్తాడు పాపం? వాడి తప్పేం లేదు, వాడికెవరూ చెప్పరు. చెప్పగలిగినవాణ్ణి పంపించేశారు. రేపు వచ్చే బ్యాచి వాగులోకి దిగుతామంటే వాడే తువ్వాలు తెచ్చిస్తాడు. ఐదు చుక్కలు.

బావకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి అప్పుడు రాత్రి. కాసేపు మాట్లాడలేదు. "నేను వాణ్ణి తీసెయ్యమన్లేదు కదరా" అన్నాడు. నిజమే, అన్లేదు. రివ్యూ తీసేశాడో లేదో నేను అడగలేదు. ఓనరుకి నేనే మళ్ళీ ఫోన్ చేసి, ఆ కుర్రాడు మాకు చేసింది మంచే అని, వెనక్కి పిలవమని చెప్పాను. "చూస్తాను సార్" అన్నాడు. ఆ మాటకి అర్థం మనకి తెలిసిందే.

అన్నీ ఇలాగే ఉన్నాయని కాదు. మారేడుమిల్లిలో అటవీశాఖ వన సంరక్షణ సమితుల ద్వారా నడిపే బస ఏర్పాట్లు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళు స్థానికులు, వచ్చిన ఆదాయంలో సమితికి వాటా ఉంటుంది. సర్వీసు మెరుపులా ఉంటుందని చెప్పను. ఫోన్ ఎత్తరు, టీ అడిగితే తెల్లారి వచ్చినా ఆశ్చర్యం లేదు :). కానీ "వద్దు" అన్నవాణ్ణి రాజమండ్రి నుంచి ఫోనులో తీసెయ్యడం కుదరదు. ఆ తేడా నాకు టీ కంటే ముఖ్యం అనిపిస్తోంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో మొదటి రోజే, జూలై 14న, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. ఈసారీ రాజమండ్రి నిండా టెంట్లూ షెడ్లూ వేస్తారు, మా పిఠాపురం సత్రాలూ కిటకిటలాడతాయి. మనలో చాలామంది అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్తాం. అక్కడ తాడు పట్టుకుని, విజిలు వేసి "ఇప్పుడు కాదు, ఆగండి" అనే కుర్రాళ్ళుంటారు. ఏ కాలేజీ నుంచో ఒక టోపీ పెట్టి తెచ్చినవాళ్ళు. వాళ్ళతో "నేనెవరో తెలుసా" అనేవాళ్ళు కూడా ఉంటారు.

నా మటుకు నేను ఒక పని మొదలుపెట్టాను. ఎక్కడ టెంటు బుక్ చేసినా ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. రాత్రి అక్కడ ఉండే మనిషిది ఏ ఊరు? ఆ మనిషి వద్దంటే మీరు మా మాట వింటారా, ఆయన మాట వింటారా? మొన్న రెండు చోట్లకి చేశాను. ఒకాయన, "ఇదేం ప్రశ్నండీ, మా వాచ్‌మన్ వద్దన్నాక నేనేం చెప్తాను, మీరు కోప్పడితే డబ్బులు వెనక్కిచ్చేస్తాను" అని విసుక్కున్నాడు. రెండో ఆయన చాలా తియ్యగా, "మీరెలా చెప్తే అలా సార్, కస్టమర్ ఈజ్ గాడ్" అన్నాడు. విసుక్కున్నాయనకే అడ్వాన్సు పంపించాను.